సీసం దాకా

వేకువ మూడూ నలభైకి
కోపెన్‌హాగెన్ నేలమాళిగలో సిగ్నె కిరణాన్ని ఆపింది.
రాత్రంతా బిస్మత్ రేకును
హీలియం కేంద్రకాలతో కొట్టించింది,
ముల్లు ఇరవై తొమ్మిది దాటకుండా కాపలా కాసింది.
దాటితే పుట్టేది ఆస్టటీన్ రెండువందల పది.
చూడ్డానికి కవలే, కడుపులో మాత్రం పొలోనియం విషం.
కావలసింది దాని పక్కది, రెండువందల పదకొండు.
ఒక్క న్యూట్రాన్ తేడా.

ఎవరూ కళ్ళారా చూడని మూలకం ఇది.
భూమి పొరలన్నీ జల్లెడ పట్టినా
ఏ క్షణాన్నయినా పిడికెడు నిండదు.
గోరంత పోగుచేస్తే
తన వేడికి తానే ఆవిరైపోతుందట.
తోబుట్టువుల ఆయుష్షులు చదువుతుంటే
పాత పురిటాసుపత్రి రిజిస్టరు తిరగేసినట్టుంటుంది:
రెండువందల పంతొమ్మిది, నిమిషం లోపు.
పద్దెనిమిది, సెకనూ చిల్లర.
పదమూడు, పేరు పెట్టే లోపే.
వీటి నడుమ
ఏడు గంటల పదమూడు నిమిషాల అర్ధాయువంటే
మన పదకొండు దీర్ఘాయుష్మంతుల్లో జమ.

టూరె లింద్‌బ్యాక్ వ్యాను వెనక సీట్లో
మనవరాలి కుర్చీ విప్పిన చోట
సీసపు డబ్బా పెట్టి బెల్టు బిగించాడు.
ముందు చేపలు మోశాడు, తర్వాత పూలు.
"అన్నీ దారిలో తరిగే సరుకే," అంటాడు,
"ఇదొక్కటే లెక్క తప్పకుండా తరుగుతుంది."

వంతెన మీద గాలి. మాల్మో. హెల్సింగ్‌బోర్గ్.
లాహోల్మ్ దగ్గర దుంగల లారీ అడ్డంగా పడి ఉంది.
యాభై నిమిషాలు.
ఇంజను ఆపాడు. రేడియో ఆపాడు.
వెనక డబ్బా ఆగలేదు.

ఎవరికి వేళయిందో
ఏ కేంద్రకం నుదుటా రాసి ఉండదు.
సగం పోతాయని తెలుసు, ఏ సగమో తెలీదు.
పోయేవాటిలో కొన్ని
ఆల్ఫాను విసిరేసి మళ్ళీ బిస్మత్ అవుతాయి,
ముందుకన్నా తేలికైన బిస్మత్.
ముప్పై ఏళ్ళు పైబడితే గాని
వాటిలో సగమైనా సీసం కావు.
మిగతావి
తమ చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్‌నే మింగి
పొలోనియమై, అరసెకను తటపటాయించి,
అప్పుడు విసురుతాయి. వెంటనే సీసం.
రెండు దార్లూ ఆ ఊరికే.

తెలుగులో సీసమంటే పద్యం కూడా.
నాలుగు పెద్ద పాదాలు నడిచాక
కింద చిన్న గీతి ఒకటి పడితే గాని
అది ముగిసినట్టు కాదు.
లాహోల్మ్ పైన్ చెట్ల మధ్య ఆగిన మనిషికి
ఈ సంగతి చెప్పేవాళ్ళెవరూ లేరు.

గోథెన్‌బర్గ్. ఎనిమిదీ ఇరవై.
మీటరు చూసి ఫార్మసిస్టు మైకెన్ రాసుకుంది:
నూటికి అరవై నాలుగు.
లారీ పడకపోతే అరవై తొమ్మిది.
ఆ ఐదూ రోడ్డు ఖర్చు.
వేరుచేసి, కడిగి, యాంటీబాడీకి అతికించేసరికి
మధ్యాహ్నమైంది. ఇప్పుడు సగం కూడా లేదు.
"చాలు," అంది డాక్టరు.
ఆ మాటను ఆవిడ రెండుసార్లు అనడం
మంచం మీదున్న యెర్దా గమనించింది.

అండాశయం. రెండోసారి.
పొట్టలోకి సన్నటి గొట్టం.
"ఎంత దూరం పోతుంది ఆ దెబ్బ?"
"వెంట్రుక మందమంత."
"ఎన్నాళ్ళుంటుంది?"
"రేపు ఈపాటికి పదోవంతు."
"తర్వాత?"
"సీసం. కంటికి ఆననంత."

యెర్దా నవ్వింది, గొట్టం కదిలేలా.
"నా పడవ అడుగునా అదే, నాలుగు వందల కిలోలు.
గాలొస్తే నీళ్ళు తాకేదాకా ఒరుగుతుంది.
బోల్తా మాత్రం పడదు."

కింద పార్కింగులో
టూరె కుర్చీని మళ్ళీ బిగించాడు.
బెల్టు రెండుసార్లు లాగి చూసి
సీటు వాల్చి పడుకున్నాడు.
నాలుగింటికల్లా పిల్లను తీసుకురావాలి.